అతుకు కనిపించే మాయ

'ఫెయిరీ టేల్ థియేటర్' 1982 సెప్టెంబరు 11న అమెరికాలోని షోటైమ్ కేబుల్ చానల్లో ఒక కప్పతో మొదలైంది. కప్ప వేషం రాబిన్ విలియమ్స్‌ది. బావిలో పడ్డ బంగారు బంతి కోసం ఆ కప్పకు మాటిచ్చి, బంతి చేతికి రాగానే మాట తప్పబోయే రాకుమార్తె టెరీ గార్. రాసిందీ, తీసిందీ, కనపడకుండా కథ చెప్పిందీ ఎరిక్ ఐడిల్. అక్కడి నుంచి 1987 దాకా 26 కథలు ప్రసారమయ్యాయి. కార్టూన్ బొమ్మలు కావు, మనుషులే వేషాలు కట్టి ఆడిన కథలు. ఒక్కోటి దాదాపు గంటసేపు. ప్రతి కథకూ ముందు పెద్ద పెద్ద కళ్ల బక్కపలచటి మనిషి ఒకామె తెరమీదికొచ్చి పలకరించి, తన పేరు చెప్పుకుని, రాబోయే కథ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి పక్కకు తప్పుకునేది. ఆమే షెల్లీ డువాల్. ఈ వరుస మొత్తాన్ని తలపెట్టిందీ, దగ్గరుండి నిర్మించిందీ ఆమే.

ఆలోచన పుట్టింది మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో. 1980లో అక్కడ రాబర్ట్ ఆల్ట్‌మన్ 'పొపాయ్' సినిమా తీస్తున్నాడు. పొపాయ్‌గా రాబిన్ విలియమ్స్, అతని ప్రియురాలు ఆలివ్ ఆయిల్‌గా డువాల్ నటిస్తున్నారు. పాత సచిత్ర కథల పుస్తకాలు సేకరించడం ఆమెకు అలవాటు. షూటింగ్ విరామాల్లో కప్ప రాకుమారుడి కథ చదువుతుంటే, ఎదురుగా తిరుగుతున్న విలియమ్స్ ఆ కప్పకు సరిపోతాడనిపించింది. రెండేళ్ల తర్వాత అదే జరిగింది. అదే 1980లో విడుదలైన 'ది షైనింగ్'లో భయంతో వణికిపోయే ఇల్లాలిగానే ఆమెను చాలామంది గుర్తుపెట్టుకున్నారు. 2024 జూలై 11న, 75 ఏళ్ల వయసులో ఆమె చనిపోయినప్పుడు కూడా వార్తల్లో ముందు వచ్చింది ఆ సినిమా పేరే. పిల్లలకు ఆమె ఇచ్చిపోయినది మాత్రం ఈ 26 కథలు.

షోటైమ్ చందా కట్టి చూసే చానల్. మధ్యలో సబ్బుల ప్రకటనలు రావు. అందువల్ల కథ ఒక ఊపున నడుస్తుంది. పారితోషికం తక్కువైనా పెద్ద నటులు వరసకట్టారు. 'రపంజెల్'లో జెఫ్ బ్రిడ్జెస్ రాకుమారుడు, జీనా రోలాండ్స్ మంత్రగత్తె. 'స్లీపింగ్ బ్యూటీ'లో క్రిస్టఫర్ రీవ్. 'ది నైటింగేల్'లో చక్రవర్తిగా రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్. 'స్నో వైట్'లో సవతి తల్లి వనెసా రెడ్‌గ్రేవ్, ఆమెతో మాట్లాడే అద్దం విన్సెంట్ ప్రైస్. తెర వెనకా తక్కువవాళ్లు లేరు. 'రిప్ వాన్ వింకిల్'కు దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కపోలా. 'అల్లాదీన్' తీసింది అప్పటికింకా పెద్దగా పేరు రాని టిమ్ బర్టన్.

దీనికి ముందూ అమెరికా టీవీలో అద్భుత కథలు లేకపోలేదు. 1955లో మేరీ మార్టిన్ 'పీటర్ పాన్' వేషంలో తీగల మీద ఎగురుతుంటే ఎన్‌బీసీ దాన్ని నేరుగా ప్రసారం చేసింది. 1957 మార్చి 31న సీబీఎస్‌లో రోజర్స్, హామర్‌స్టైన్‌ల సంగీత నాటకం 'సిండ్రెల్లా' వచ్చింది. జూలీ ఆండ్రూస్ నటించిన ఆ ప్రసారాన్ని పది కోట్ల మందికి పైగా చూశారని లెక్కగట్టారు. సరిగ్గా దానికి నాలుగు రోజుల ముందు, మార్చి 27న, తెలుగునాట 'మాయాబజార్' విడుదలైంది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్లే చిత్రం ఇక్కడ, గుమ్మడికాయ బండి అయ్యే చిత్రం అక్కడ, ఒకే వారంలో. 1958లో బాలనటిగా ప్రపంచమంతా తెలిసిన షర్లీ టెంపుల్ పెద్దయ్యాక తన పేరుతో కథల వరుస మొదలుపెట్టింది. అయితే ఇవి ఎక్కువగా పండగలకో, ప్రత్యేక సందర్భాలకో వచ్చినవి. ఒకే పద్ధతిలో, ఒకే మనిషి చేతి మీదుగా, ఏళ్ల తరబడి నడిచింది డువాల్ వరుసే.

సెట్టు సెట్టులాగే

ఆ కథలన్నీ సినిమా ఫిల్ము మీద కాకుండా వీడియో టేపు మీద తీశారు. స్టూడియో లోపలే అడవి, కోట, పల్లె. వెనక రంగులేసిన తెర ఉందని ఐదేళ్ల పిల్లకైనా తెలిసిపోతుంది. బొటనవేలంత థంబెలీనాగా క్యారీ ఫిషర్‌నూ, ఆకాశమంత రాక్షసుడిగా ఎలియట్ గూల్డ్‌నూ చూపించడానికి ఒక మనిషి బొమ్మను మరో బొమ్మ మీద అతికించే కిటుకు వాడారు. అతికిన చోట అంచు కాస్త మెరుస్తూనే ఉంటుంది. తోడేలు వేషంలో మాల్కమ్ మెక్‌డవెల్ ముఖం బొచ్చు వెనక నుంచి స్పష్టంగా తెలుస్తుంది.

ఇది డబ్బు లేక చేసిన సర్దుబాటు అనిపించవచ్చు. కొంత నిజమే. కానీ ఆ సెట్ల వెనక ఒక ఆలోచనా ఉంది. ఆర్థర్ రాకమ్, కే నీల్సన్, మాక్స్‌ఫీల్డ్ పారిష్, నార్మన్ రాక్‌వెల్ వంటి చిత్రకారుల బొమ్మల్ని చూసి, ఒక్కో కథకు ఒక్కొక్కరి తీరును తీసుకుని రంగస్థలం కట్టారు. అంటే తెర మీద కనిపించేది నిజమైన అడవికి నకలు కాదు, కథల పుస్తకంలోని అడవికి నకలు. పుస్తకంలో బొమ్మను చూసిన పిల్ల అది రంగూ కాగితమూ అని తెలిసే భయపడుతుంది, తెలిసే సంతోషిస్తుంది. ఈ కథల బలం సరిగ్గా అక్కడే ఉంది. మాయ ఉంది, మాయకు అతుకు కూడా కనిపిస్తోంది. మధ్యలో మిగిలిన ఖాళీని చూసేవాళ్లే పూరించుకోవాలి.

తోలుబొమ్మలాట ఎరిగిన జాతికి ఇది విడమరిచి చెప్పాల్సిన సంగతి కాదు. తెర వెనక దీపం ఉందనీ, బొమ్మకు పుల్ల ఉందనీ, హనుమంతుడికీ రావణుడికీ గొంతు ఇచ్చేది ఒకే మనిషి కావచ్చుననీ చూసేవాళ్లందరికీ తెలుసు. తెలిసినా లంక తగలబడుతుంటే కళ్లు తిప్పుకోరు.

దీనికి ఎదురు వాదం గట్టిదే. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో స్కాట్లండ్‌లో అద్భుత కథల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అద్భుతం మాటలకే లొంగుతుందనీ, రంగస్థలం మీద మనిషికి జంతువు వేషం వేస్తే నవ్వులాట అవుతుంది తప్ప అద్భుతం పుట్టదనీ ఆయన అభిప్రాయం. నాటకం ఎలాగూ ఒక మాయే, దాని మీద ఇంకో మాయను నమ్మమనడం ఒకటి ఎక్కువవుతుందన్నది ఆయన వాదం సారాంశం. మోసగించాలని చూసి విఫలమైన మాయ విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం. నిరుటి కంప్యూటర్ డ్రాగన్ ఈ ఏడు వెలవెలబోవడానికి కారణం కూడా అదే. అది నమ్మించడానికే పుట్టింది, కొత్తది రాగానే దాని నమ్మకం పోయింది. డువాల్ కథలు మోసగించాలనుకోలేదు. అవి పగటివేషాల కుదురు. వేషగాణ్ణి గుర్తుపట్టడం ఆటలో భాగమే. నలభై ఏళ్లు దాటినా అవి పాతబడకపోవడానికి, అసలే పాతగా కనిపించడానికి ఒప్పుకున్నవి కావడమే కారణం.

రెండు తరాలకు రెండు నవ్వులు

డువాల్ ఈ కథల్ని పిల్లలకు మాత్రమే అనుకోలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలని తీసింది. అందుకే ప్రతి సన్నివేశానికీ రెండు అంతస్తులుంటాయి. 'మూడు పందిపిల్లలు'లో తోడేలు జెఫ్ గోల్డ్‌బ్లమ్ తంటాలు చూసి పిల్లలు నవ్వుతారు. అతను మాట్లాడే తీరులోని పెద్దరికపు విసుగుకు పెద్దలు నవ్వుతారు. 'హాన్సెల్ అండ్ గ్రెటెల్'లో పిల్లల్ని అడవికి పంపే సవతి తల్లి వేషమూ, అడవిలో వాళ్లను తినబోయే మంత్రగత్తె వేషమూ జోన్ కాలిన్స్‌వే. ఎందుకలా అన్నది పిల్లలు అడగరు, పెద్దలు గమనించకుండా ఉండలేరు. 'బ్యూటీ అండ్ ది బీస్ట్'ను రోజర్ వాదీమ్ 1946 నాటి జాన్ కాక్తో ఫ్రెంచి సినిమాకు నమస్కారంలా తీశాడు. సూసన్ సరాండన్, క్లౌస్ కిన్‌స్కీ నటించిన ఆ కథలో హాస్యం దాదాపు లేదు. వరుస మొత్తంలో నిశ్శబ్దంగా చూడాల్సినది అదొక్కటే అనవచ్చు.

ఇక 'లిటిల్ మర్‌మెయిడ్'. డిస్నీ సంస్థ బొమ్మల చిత్రం రావడానికి రెండేళ్ల ముందు, 1987లో, ఇది వచ్చింది. డిస్నీ చిత్రంలో పెళ్లవుతుంది. డేనిష్ రచయిత హాన్స్ క్రిస్టియన్ అండర్సన్ 1837లో రాసిన కథలో పెళ్లి లేదు. రాకుమారుడు మరొకరిని చేసుకుంటాడు, అతన్ని పొడిస్తే బతకగలిగిన జలకన్య ఆ కత్తిని పారేసి, గాలిలో కలిసిన ఆత్మ అవుతుంది. డువాల్ వరుస అండర్సన్ బాటే పట్టింది. డిస్నీ చిత్రం మాత్రమే ఎరిగిన పిల్లకు ఈ ముగింపు దెబ్బలా తగులుతుంది. 'అసలు కథ ఏది?' అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక తల్లి పుస్తకం తీసి చూపించగలిగితే, ఆ సాయంత్రానికి అంతకన్నా పెద్ద లాభం లేదు.

లోపాలు దాచాల్సిన పని లేదు. 'నైటింగేల్' కథ చీనా దేశంలో జరుగుతుంది, చక్రవర్తి మాత్రం ఇంగ్లండు గాయకుడు. 'అల్లాదీన్' కూడా అంతే, మాయావి వేషం 'స్టార్ ట్రెక్' స్పాక్‌గా తెలిసిన లెనార్డ్ నిమోయ్‌ది. 1980లలో అమెరికాలో ఇది చాలామందికి ఎబ్బెట్టుగా తోచలేదు, ఈనాటి పిల్లలకు తోస్తుంది. పొట్టి మనిషిని దుష్టుడిగా చూపించే పాత అలవాటు 'రంపెల్‌స్టిల్ట్‌స్కిన్'లో ఉంది. కొన్ని ద్వంద్వార్థపు మాటలూ దొర్లుతాయి. ఎరిక్ ఐడిల్ మాంటీ పైథాన్ బృందం నుంచి వచ్చినవాడు, ఆ వాసన కప్ప కథలో గట్టిగానే ఉంది.

కుక్క కొట్టే 'ఊ'

డువాల్ వరుస ముగుస్తున్న 1987లోనే, బొమ్మలాట సంప్రదాయానికి ఆధునిక కాలంలో పెద్ద దిక్కయిన జిమ్ హెన్సన్ 'ది స్టోరీటెల్లర్' మొదలుపెట్టాడు. ఆలోచన ఆయన కూతురు లీసాది. ఆమె హార్వర్డ్‌లో జానపద విజ్ఞానం చదువుకుంది. తొమ్మిది కథలూ రాసింది ఆంథొనీ మింగెల్లా, తర్వాత 'ది ఇంగ్లిష్ పేషెంట్'కు ఆస్కార్ అందుకున్న దర్శకుడు. డువాల్ కథలు నాటకాలైతే ఇవి కథనాలు. చలిమంట పక్కన పెద్ద ముక్కూ పెద్ద చెవులూ పెట్టుకుని జాన్ హర్ట్ కూర్చుంటాడు. కాళ్ల దగ్గర ఓ కుక్క. అది బొమ్మ, మాట్లాడుతుంది. కథ మొదలవగానే నీడలు కదులుతాయి, పాత్రలు ప్రాణం పోసుకుంటాయి. మధ్యమధ్య కుక్క అడ్డుపడుతుంది. అలా ఎలా కుదురుతుందని అడుగుతుంది, భయపడుతుంది, ముందేం జరుగుతుందో చెప్పబోయి తిట్లు తింటుంది.

తెలుగు చెవికి ఆ కుక్క ఎవరో చెప్పనక్కర్లేదు. బుర్రకథలో కథకుడి పక్కన నిలబడే హాస్య వంత అది. రాత్రిపూట మంచం మీద కథ చెప్పే నానమ్మ పక్కన ఊ కొట్టే మనవడు అది. ఊ ఆగిందంటే నిద్రపోయారనే లెక్క, కథ అక్కడికి ఆగుతుంది. కథ వినడం ఊరకే వినడం కాదనీ, అందులో వినేవాడికీ పని ఉందనీ హెన్సన్ బృందానికి బాగా తెలుసు. ఆ పనిని తెరమీదే ఒక పాత్రకు అప్పగించారు.

మొదటి కథ 'హాన్స్ మై హెడ్జ్‌హాగ్'కు ఉత్తమ బాలల కార్యక్రమంగా ఎమీ పురస్కారం వచ్చింది. ముళ్లపంది రూపంలోనైనా సరే బిడ్డ కావాలని కోరుకున్న తల్లికి అలాంటి బిడ్డే పుడతాడు. అతన్ని పెళ్లాడిన రాకుమార్తె రహస్యం కాపాడలేక, భర్తను వెతుక్కుంటూ ఇనుప చెప్పులు అరిగేదాకా నడుస్తుంది. 'ది సోల్జర్ అండ్ డెత్' రష్యా కథ. ఒక సైనికుడు మృత్యువును సంచిలో బంధిస్తాడు. ఇక ఎవరూ చావరు, ముసలివాళ్లు చావు కోసం అతని వైపు చూస్తూ కూర్చుంటారు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుడు తెలిసిన పిల్లలకు చావును సంచిలో మోసే ఈ సైనికుడు దూరపు చుట్టమే అనిపిస్తాడు. 'సాప్‌సారో' మాత్రం పసివాళ్లకు తగదు. ఉంగరం ఎవరి వేలికి సరిపోతే రాజు వాళ్లనే పెళ్లాడాలన్న నియమం, అది కూతురి వేలికి సరిపోవడం అందులో విషయం. పన్నెండేళ్లు దాటాక చూపించవచ్చు.

గ్రిమ్ సోదరుల కథ ఒకటి రెండు వరుసల్లోనూ ఉంది. భయమంటే ఏమిటో తెలియని కుర్రవాడు దాన్ని నేర్చుకోవడానికి ఇల్లు వదిలి వెళ్తాడు. గ్రిమ్ పుస్తకంలో అతనికి దయ్యాలు, శవాలు ఏవీ భయం నేర్పలేవు. చివరికి పెళ్లాం పడుకున్నవాడి మీద చిన్న చేపలున్న చన్నీళ్ల బకెట్ కుమ్మరిస్తే వణుకు తెలుస్తుంది. హెన్సన్ కథలో ఆ వణుకు వచ్చేది ప్రేమించిన పిల్ల పోతుందేమోనన్న క్షణంలో. డువాల్ కథలో విన్సెంట్ ప్రైస్, క్రిస్టఫర్ లీ వంటి భయానక చిత్రాల నటుల్ని తెచ్చి భయాన్నే వెటకారం చేశారు. ఒకే కథకు మూడు రూపాలు. వరుసగా మూడూ చూపించి, ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో పిల్లల్ని చెప్పనిస్తే కథ మీద వాళ్లకొక హక్కు వస్తుంది.

ఒక్క గొంతుతో నార్వే

ఐరోపాలో సినిమాలుగా తీసినా టీవీ వల్ల బతికిన ఇలాంటి కథలు కొన్ని ఉన్నాయి. తూర్పు జర్మనీలో 1957లో 'పాడే, మోగే చెట్టు' అనే సినిమా తీశారు. పొగరుబోతు రాకుమార్తె, ఎలుగుబంటి అయిన రాకుమారుడు, దుష్టుడైన మరుగుజ్జు, ఓ పెద్ద చేప. 1964లో బీబీసీ దీన్ని మూడు భాగాలు చేసి చూపింది. డబ్బింగ్ లేదు. జర్మన్ మాటలు అలాగే ఉంచి, వాటి మీద ఒక మనిషి ఇంగ్లిషులో కథ చెబుతాడు. ఆ తరం బ్రిటిష్ పిల్లలు పెద్దయ్యాక కూడా ఆ మరుగుజ్జును తలుచుకుని ఉలిక్కిపడేవారు.

దానికన్నా చల్లని ఉదాహరణ చెక్ సినిమా 'సిండ్రెల్లాకు మూడు కాయలు'. 1973లో చెక్ దర్శకుడు వాట్స్‌లావ్ వోర్లీచెక్ తూర్పు జర్మనీతో కలిసి తీశాడు. ఇందులో సిండ్రెల్లా ఏడుస్తూ కూర్చోదు. గుర్రమెక్కుతుంది, బాణం వేస్తుంది, రాకుమారుణ్ణి ఆటపట్టిస్తుంది. వేసవిలో తీయాల్సిన సినిమాను చలికాలానికి జరిపారు. కావాల్సినంత మంచు కురవక చేపల పొడితో మంచు కల్పించారు. కంపు భరించలేక నటులు అవస్థపడ్డారన్నది అక్కడ అందరూ చెప్పుకునే ముచ్చట. జర్మనీలో, చెక్ దేశంలో ఈ సినిమా లేని క్రిస్మస్ లేదు.

నార్వేలో సంగతి ఇంకా చిత్రం. అక్కడి ప్రభుత్వ టీవీలో క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే ఇది చూడడం దాదాపు పండగ తంతు. క్నుట్ రీసాన్ అనే నటుడు అన్ని పాత్రలకూ ఒక్కడే మాట చెబుతాడు. సిండ్రెల్లాకూ ఆయనే, సవతి తల్లికీ ఆయనే, రాజుకూ ఆయనే. వెనక అసలు గొంతులు సన్నగా వినిపిస్తూనే ఉంటాయి. నటులందరికీ వేర్వేరు గొంతులు పెట్టడం ఇప్పుడు చిటికెల పని, అయినా నార్వే వాళ్లు ఆ పాత గొంతును వదులుకోరు. కారణం ఊహించడం కష్టం కాదు. తెర మీద సినిమా ఆడుతున్నా, ఇంట్లో వినబడేది ఒక తాత కథ చెబుతున్న గొంతు.

జవాబు లేని బేతాళుడు

మనవైపు ఈ కోవలో మొదట చెప్పుకోవాల్సింది 1985లో దూరదర్శన్‌లో వచ్చిన 'విక్రమ్ ఔర్ బేతాళ్'. రామానంద్ సాగర్ నిర్మాణం. విక్రముడు అరుణ్ గోవిల్, బేతాళుడు సజ్జన్. 1987 జనవరిలో మొదలైన 'రామాయణ్'లో రాముడైన గోవిల్‌తో పాటు సీత వేషం వేసిన దీపికా చిఖ్లియా వంటివాళ్లూ ముందు ఈ కథల్లోనే కనిపించారు. హంగు తక్కువ. తెల్ల జుట్టు, తెల్ల బట్టలు, కాస్త పొగ, ఓ వెకిలి నవ్వు, అంతే. దయ్యం రావడానికి అంతకన్నా అవసరం పడలేదు.

కథలు పాతవే. పదకొండో శతాబ్దంలో కశ్మీరీ కవి సోమదేవుడు కూర్చిన 'కథాసరిత్సాగరం'లో బేతాళ కథల కట్ట ఒకటి ఉంది. తెలుగు పిల్లలకు అవి 'చందమామ' ద్వారా చేరాయి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి తెలుగు, తమిళాల్లో మొదలుపెట్టిన ఆ పత్రికలో, పాత కట్ట అయిపోయాక అదే అచ్చులో కొత్త బేతాళ కథలు దశాబ్దాలపాటు పుట్టుకొస్తూనే ఉన్నాయి. చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మ, కత్తి పట్టిన రాజు, భుజాన వేలాడే శవం, కథ చదవని వాళ్లకూ గుర్తే. అందువల్ల టీవీలో హిందీ సగమే అర్థమైనా కథ అందేది. ముందే తెలిసిన కథను కొత్త వేషంలో చూడడంలో ఉన్న సుఖం అది. తర్వాత 1990లలో 'అలీఫ్ లైలా', 'చంద్రకాంత' వచ్చాయి. వాటిలో హంగు పెరిగింది, ఎపిసోడ్లూ పెరిగాయి, కథ సాగింది.

పిల్లలతో కలిసి చూడడానికి బేతాళ కథల కన్నా అనువైన నిర్మాణం మరొకటి లేదు. కథ అయిపోయాక ప్రశ్న వస్తుంది. ముగ్గురిలో ఎవరు గొప్ప? తప్పు ఎవరిది? రాజు జవాబు చెప్పేలోగా టీవీని ఆపితే చాలు. ఆరేళ్ల పిల్ల చెప్పే జవాబు రాజు జవాబుకు దూరంగా ఉండవచ్చు, ఉండనివ్వాలి. సరిదిద్దితే వచ్చేవారం ఆ పిల్ల నోరు విప్పదు.

చూపించే తీరు

పిల్లలకు తెర ఎంతసేపు అన్న దాని మీద వైద్యుల మాట స్థూలంగా ఒకటే. రెండేళ్లలోపు పసివాళ్లకు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట కూడా పెద్దలు పక్కన కూర్చుని, చూస్తున్నదాని గురించి మాట్లాడుతూ గడిపితే మేలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా. డువాల్ కథ ఒకటి ఆ గంటలో ఇమిడిపోతుంది. హెన్సన్ కథ అరగంట కూడా లేదు. ఒకటి అయిపోగానే తనంతట తానే ఇంకొకటి మొదలయ్యే నేటి పద్ధతిని ముందుగా ఆపేసుకోవడం మాత్రం మరవకూడదు. కథ ముగిశాక కాసేపు ఖాళీ ఉండాలి, అప్పుడే ప్రశ్నలు వస్తాయి.

భయం సంగతి వేరు. అద్భుత కథల్లోని రాక్షసులు, తినేసే మంత్రగత్తెలు పిల్లల్లో అప్పటికే ఉన్న భయాలకు రూపమిచ్చి మేలు చేస్తాయని బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో ఒక పుస్తకం రాశాడు. ఆయన వాదాల మీద తర్వాత విమర్శలు చాలానే వచ్చాయి, కొన్ని తీవ్రమైనవే. అయినా ఇళ్లలో రోజూ కనిపించేది ఆయన చెప్పిన దాంట్లో కొంత సమర్థిస్తుంది. ఏ కథ భయపెట్టిందో ఆ కథనే పిల్లలు మళ్లీ మళ్లీ అడుగుతారు. అతుకు కనిపించే మాయ ఇక్కడే అక్కరకొస్తుంది. 'అది తొడుగు, చూడు, మెడ దగ్గర కుట్టు కనిపిస్తోంది' అని పెద్దలు అనగలరు. కంప్యూటర్‌లో పుట్టిన రాక్షసుడికి కుట్టు ఉండదు, ఓదార్చడానికి చూపించేదీ ఉండదు. అయితే ముందే చూపించకూడదు. పిల్ల చెయ్యి పట్టుకున్నప్పుడే చూపించాలి.

భాష పెద్ద అడ్డంకిలా కనిపిస్తుంది. డువాల్ కథల ఇంగ్లిషులో ఎకసెక్కాలు ఎక్కువ, ఆంధ్రాలోనైనా, తెలంగాణలోనైనా బడికెళ్లే పిల్లలకు సగం అందవు. దీనికి నార్వే దారి బాగుంది. శబ్దం తగ్గించి, ఇంట్లో ఎవరో ఒకరు అన్ని గొంతులూ తామే అయి తెలుగులో చెప్పుకుపోవడం. అక్షరానికి అక్షరం అనువాదం అక్కర్లేదు. కప్ప అడిగింది, పిల్ల మాటిచ్చింది, ఇప్పుడు తప్పుతోంది చూడు అంటే సరిపోతుంది. న్యూజెర్సీలోనో, డాలస్‌లోనో మనవలతో ఉండే అమ్మమ్మలకు ఇది ఇంకా పనికొస్తుంది. తెర మీది మాట మనవరాలికి తెలుసు, కథ అమ్మమ్మకు తెలుసు. ఒకరికొకరు చెప్పుకుంటే ఇద్దరికీ సగం సగం భాష వస్తుంది. అమ్మమ్మ దగ్గర అదే తీరు కథ ఇంకోటి ఉంటే, రాకుమారుడి బదులు తోటరాముడు వస్తే, మరీ మంచిది. 'పాతాళభైరవి' కథకు మూలం అల్లాదీన్‌కు దగ్గరి బంధువు. నేపాళ మాంత్రికుడినీ, నిమోయ్ మాయావినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎస్వీ రంగారావుకే ఎక్కువ మార్కులు పడతాయి, పక్షపాతం లేకుండానే.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది వయసును బట్టి ఉంటుంది. నాలుగైదేళ్ల వాళ్లకు డువాల్ 'మూడు పందిపిల్లలు', 'పుస్ ఇన్ బూట్స్' సరిపోతాయి. ఏడెనిమిదేళ్లకు బేతాళుడూ, చెక్ సిండ్రెల్లా. తొమ్మిది దాటాక హెన్సన్ కథలు, మొదట ముళ్లపంది కుర్రాడు, తర్వాత మృత్యువు సంచి. 'లిటిల్ మర్‌మెయిడ్' ముగింపు తట్టుకునే వయసు ఏ ఇంటి పిల్లకు ఎప్పుడొస్తుందో ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు వచ్చిన కప్ప కథను మాత్రం చూపించే పెద్దలు ఒక రాత్రి, పిల్లలు పడుకున్నాక, తాము ముందుగా చూసి పెట్టుకోవడం మంచిది.